ఎమిలీ డికిన్సన్ లేఖల సేకరణ: 'లేఖ' నిర్వచనంలో సంపాదకుల పాత్ర

అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ (1830–1886) లేఖలను మేబెల్ లూమిస్ టాడ్ 1894లో రెండు సంపుటాలుగా, థామస్ హెచ్. జాన్సన్, థియొడోరా వార్డ్ 1958లో మూడు సంపుటాలుగా, క్రిస్టన్ మిల్లర్, డోనల్ మిచెల్ 2024లో ఒకే సంపుటంగా వెలువరించారు. 1958లో 1049గా ఉన్న లేఖలు 2024లో 1304 అయ్యాయి. ఈ పెరుగుదల కొత్త రాతప్రతులు దొరకడం వల్ల మాత్రమే కలిగింది కాదు. 'లేఖ' అనే మాటకు సంపాదకులు చెప్పుకున్న అర్థం మారడమే దీనికి ముఖ్య కారణం.

డికిన్సన్ మరణానంతరం ఆమెకు వచ్చిన ఉత్తరాలను చెల్లెలు లవీనియా తగులబెట్టింది. కాబట్టి సేకరణ అంతా ఉత్తరాలు అందుకున్నవారి ఇళ్ళ నుంచే జరగవలసివచ్చింది. ఎవరు దాచారు, ఎవరు ఇచ్చారు, ఎంత ఇచ్చారు అన్నదే సంకలన స్వరూపాన్ని నిర్ణయించింది. నార్‌క్రాస్ సోదరీమణులు తమకు వచ్చిన లేఖల మూలాలను టాడ్ చేతికి ఇవ్వలేదు. తాము ఎంచిన భాగాలకు నకళ్ళు రాసి ఇచ్చారు. మూలాలు తరువాత నశించాయి. ఆ లేఖలలోని డ్యాష్‌లను, పెద్దక్షరాలను ఆధారం చేసుకొని డికిన్సన్ శైలిని విశ్లేషించే విమర్శ, నకలు రాసిన చేతిని కవయిత్రి చేతిగా పొరబడే ప్రమాదం ఉంది.

వదినె సూసన్ విషయం ఇంతకన్న జటిలమైనది. టాడ్‌కు సూసన్ భర్త ఆస్టిన్‌తో సన్నిహిత సంబంధం ఉండేది. 1894 సంకలనంలో సూసన్‌కు రాసిన లేఖ ఒక్కటీ లేదు. కొన్ని రాతప్రతులలో ఆమె ప్రస్తావనలను చెరిపివేసిన గుర్తులు కూడా ఉన్నాయి. జీవితకాలమంతా సాగిన ఒక సాహిత్య సంభాషణ తొలి పాఠకులకు అందకుండానే పోయింది.

సూసన్ పక్క ఇంట్లోనే ఉండేది. ఆమెకు పంపిన కాగితాలు చాలావరకు చేతి మీదుగా వెళ్ళాయి గనుక వాటికి తపాలా ముద్ర గాని, తేదీ గాని ఉండదు. వాటి కాలనిర్ణయానికి చేతిరాతలో వచ్చిన మార్పులే ప్రధానాధారం. పైగా వాటిలో అనేకం వచనం లేకుండా పద్యంతోనే వెళ్ళినవి. జాన్సన్ అటువంటివాటిని చాలావరకు 1955 నాటి తన కవితా సంకలనంలో పాఠభేదాలుగా చూపాడు. పాఠాన్ని భద్రపరచాడు గాని, అది ఒకరిని ఉద్దేశించి పంపినదన్న సంగతిని అధోజ్ఞాపికలోకి నెట్టాడు. ఎలెన్ లూయిస్ హార్ట్, మార్తా నెల్ స్మిత్ 1998లో సూసన్ లేఖలను విడిగా ప్రచురించి ఈ విభజనను ప్రశ్నించారు. 2024 సంపాదకులు ఇటువంటి 'లేఖా కవితల'ను రెండు వందలకు పైగా చేర్చుకున్నారు.

ఈ చేర్పు సమంజసమే. అయితే అది కొత్త చిక్కునూ తెచ్చింది. డికిన్సన్ ఒకే పద్యాన్ని సూసన్‌కూ, విమర్శకుడు హిగిన్సన్‌కూ పంపి, మరొక ప్రతిని తాను కుట్టుకున్న చిన్న పుస్తకంలో ఉంచుకున్న సందర్భాలున్నాయి. పంపిన ప్రతులు లేఖలు, దాచుకున్న ప్రతి కవిత అన్నప్పుడు ప్రక్రియాభేదం పాఠంలో కాక ప్రయాణంలో ఉన్నట్లవుతుంది. ఆ ప్రతులు నేడు హార్వర్డ్, ఆమ్‌హెర్స్ట్ కళాశాల, బోస్టన్ పబ్లిక్ లైబ్రరీల మధ్య చెదిరి ఉన్నాయి. ఒక్కొక్క పద్యానికి ఉన్న ప్రతులన్నింటినీ పక్కపక్కన పెట్టి, గ్రహీతను బట్టి మారిన పదాన్ని, పంక్తి విరుపును పోల్చవలసిన పని ముద్రిత సంపుటాన్ని మాత్రమే చదివితే పూర్తికాదు.