స్వేచ్ఛావాణిజ్యము: కీన్సు పునర్విచారము

స్వేచ్ఛావాణిజ్యమును ఖండించినవారు పెక్కురు. దానిని తానే సమర్థించి, పిదప తానే సడలించిన యర్థశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ కీన్సు. దిగుమతి సుంకములు నిరుద్యోగమును మాన్పజాలవని యతడు 1923లో వాదించెను. 1931లో అట్టి సుంకమునే తాను ప్రతిపాదించెను. 1933లో ‘జాతీయ స్వయంసమృద్ధి’ యను వ్యాసమున, విద్యయు కళలును ఎల్లలు దాటవలసినవే గాని వస్తువులు వీలైనంతవరకు స్వదేశమున తయారగుట మేలని వ్రాసెను.

దీనిని చాపల్యమనుట మాకు సమ్మతము గాదు. ఒక పరిశ్రమ చెడినచో అందలి కూలివాడు వేరొక పనిలో కుదురుకొనునని పూర్వసిద్ధాంతము నమ్మెను. ఇంగ్లండున లక్షలమంది పనిలేక నిలిచినపుడు ఆ హేతువు చెడెను. హేతువు చెడిన పిమ్మట నిర్ణయమును మార్చుకొనుట పండితధర్మమే.

మా యాక్షేపము వేరు. ఆ హేతువు అంతకు చాల ముందే మన సాలెవాండ్ర యిండ్లలో చెడినది. పైగా 1896లో విదేశపు నూలుబట్టలపై నూటికి మూడున్నర సుంకముంచిన ప్రభుత్వము, లాంకషైరు మేలు గోరి మన మిల్లుబట్టలపైనను అంతియే పన్ను వేసి 1925 వరకు వసూలు చేసెను. కీన్సు 1931 నాటి వాదమునకు బ్రిటనులోని నిరుద్యోగమే కొలత. మన యనుభవము అందులో చేరలేదు.

ఈ వివాదము పుస్తకములతో ముగిసినది కాదు. నెల్లూరు తీరమున 2008లో ప్రారంభమైన కృష్ణపట్నపు నూతన రేవు చెంత నూనెశుద్ధి కర్మాగారములున్నవి. విదేశపు ముడి పామాయిలు వానికి ముడిసరకు. 2024 సెప్టెంబరులో దానిపై మూలసుంకము సున్న నుండి నూటికి 20కి పెరిగెను. 2025 మే నెలాఖరున 10కి తగ్గెను. తగ్గినపుడు కర్మాగారమునకు లాభము, గృహిణికి నూనె చౌక యగునన్న యాశ. కాని ఏలూరు ప్రాంతమున ఆయిల్‌పామ్ నాటిన రైతునకు గెలల వెల పడిపోవునన్న భయము. నాటిన మూడు నాలుగేండ్లకు గాని ఆ చెట్టు కాపునకు రాదు. సుంకము తొమ్మిది నెలలలోపలనే మారినది. వేరొక పనికి పొమ్మనుటకు అతడు చెట్లను చంకబెట్టుకొని పోలేడు గదా!

రేవులను మూయుమనుట మా మతము గాదు. పేదయింట నూనె వెల తగ్గుట చిన్న మేలు కాదు. అయినను 1933 నాటి వ్యాసముననే స్వయంసమృద్ధిని కోరువారిని తొందరపాటు గూర్చి కీన్సు హెచ్చరించెను. సుంకములను తగ్గించువారికిని ఆ హెచ్చరిక వర్తించునని మా తలంపు. మార్పునకు ముందు రైతునకు గడువైనను చూపవలెను, నష్టములో పాలైనను పంచుకొనవలెను.