ఫిరంగికి చెల్లిన 45 డిగ్రీలు

వస్తువు అన్నిటికంటే ఎక్కువ దూరం పోవాలంటే ఏ కోణంలో విసరాలని ఇంటర్ ఫిజిక్స్ చదివిన ఎవరినడిగినా 45 డిగ్రీలని ఠక్కున చెప్తారు. పెద్ద పోటీల్లో షాట్‌పుట్ విసిరే వాళ్లను వీడియో తీసి కొలిస్తే మాత్రం, గుండు చేయి వదిలే కోణం ఎక్కువగా 35, 40 డిగ్రీల మధ్యే కనిపిస్తుంది. జీవితమంతా ఇదే పని చేసే వాళ్లకు ఆ మాత్రం తెలియదా?

దీనికి మామూలుగా చెప్పే జవాబు ఎత్తు. గుండు నేల మీంచి కాదు, రెండు మీటర్ల పైనుంచి బయల్దేరుతుంది కాబట్టి కోణం కాస్త తగ్గాలి. నిజమే, కానీ లెక్క వేస్తే ఈ జవాబు సగం దారిలోనే ఆగిపోతుంది. 2.1 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 14 మీటర్ల వేగంతో వదిలితే 45 డిగ్రీల దగ్గర 21.92 మీటర్లు, 42 దగ్గర 22 మీటర్లు వస్తుంది. శిఖరం అక్కడే. అదే వేగంతో 36కు దిగితే 21.57 మాత్రమే.

అసలు కిటుకు ‘అదే వేగంతో’ అన్న షరతులో ఉంది. 45 డిగ్రీల మాట 1537లో ఇటలీ గణితవేత్త టార్టాలియా ఫిరంగుల గురించి చెప్పింది. ఫిరంగి గుండు పోయే దారి పారాబోలా అని గెలీలియో 1638లో నిరూపణతో అచ్చు వేశాడు. ఫిరంగిని ఎటు తిప్పినా మందుగుండు దాదాపు ఒకే వేగాన్నిస్తుంది. మనిషి చేయి అలా ఇవ్వదు. కోణం పెరిగేకొద్దీ బలంలో మరింత భాగం 7.26 కిలోల గుండు బరువును ఎత్తడానికే పోతుంది. పైగా ఛాతీ, భుజం కండరాలు ముందుకు నెట్టినంత గట్టిగా పైకి నెట్టలేవు. కాబట్టి కోణం తగ్గిస్తే వేగం పెరుగుతుంది, దూరమేమో వేగం వర్గాన్ని అనుసరించి మారుతుంది. ఆ 36 డిగ్రీల దగ్గరే వేగం 14 నుంచి 14.2కు పెరిగిందనుకోండి, గుండు 22.12 మీటర్లు పోతుంది. దాదాపు ఒకటిన్నర శాతం వేగం ఆరు డిగ్రీల నష్టాన్ని మింగేసి, పైన 12 సెంటీమీటర్లకు పైగా మిగిల్చింది!

ఇది ఒట్టి అలవాటేమో, సరిదిద్దితే ఇంకా దూరం విసురుతారేమో అనొచ్చు. కానీ ఒకే మనిషి చేత వేర్వేరు కోణాల్లో విసిరించిన పరీక్షల్లో కోణంతో పాటు వేగం తగ్గుతూ వచ్చింది. ఆ తగ్గుదలను దూరం సూత్రంలో పెడితే వచ్చిన ఉత్తమ కోణం, ఆ మనిషి సహజంగా ఎంచుకున్న కోణానికి దగ్గరగానే ఉంది. గాలి సంగతేమిటంటారా? ఇంత బరువైన ఇనుప గుండు మీద దాని ప్రభావం స్వల్పం. పిల్లలకు మొదట సులువైన లెక్కే చెప్పాలన్న వాదనతో నాకు పేచీ లేదు. వేగం మారదన్న షరతును మాత్రం బోర్డు మీద రాసి చెప్పాలి. లాంగ్‌జంప్ చూడండి, అక్కడ మంచి ఆటగాళ్లు పైకి లేచేది 20 డిగ్రీలకు అటూఇటూ. వాళ్లు 45కు లేవాలంటే పరుగు వేగంలో సగానికి పైగా వదులుకోవాలి.