లీటరు కొలత చాలునా?

చెరకు, ధాన్యముల నుండి తీసిన ఇథనాలును పెట్రోలులో కలుపుట భారత ప్రభుత్వపు 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానములో ముఖ్యాంశము. నూటికి ఇరవై పాళ్లు కలుపవలెనను లక్ష్యమునకు మొదట 2030 గడువు. 2022లో దానిని 2025-26కు కుదించిరి. 2025లోనే ఆ లక్ష్యము నెరవేరినది. చమురు దిగుమతి తగ్గుట, రైతు పంటకు మరొక గిరాకి కలుగుట మెచ్చదగినవే. ఇథనాలు అణువులో ఆక్సిజన్ ఉండుటచే దహనము మరింత పూర్తియై కార్బన్ మోనాక్సైడు తగ్గును.

అయితే ఈ విధానము తన విజయమును లీటర్లతో కొలుచుచున్నది. బండిని నడుపునది ఇంధనములోని శక్తి. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉండగా, లీటరు ఇథనాలులో 21 మాత్రమే కలదు. 80:20 మిశ్రమమున 25.6, 4.2 కలిసి 29.8 మెగాజౌళ్లగును, అనగా నూటికి సుమారు 7 పాళ్లు తక్కువ. ఇంజనును అనువుగా మార్చినచో ఈ లోటు కొంత తీరును. లోటునకు తగినట్లు మిశ్రమపు ధర తగ్గవలెనని నీతి ఆయోగ్ 2021లో ప్రకటించిన నివేదికయే సూచించినది. కాని బంకువద్ద వెల కట్టునది లీటరుకే, శక్తికి కాదు.

నీటి లెక్క ఇంకను గంభీరమైనది. చెరకు నుండి తీసిన లీటరు ఇథనాలుకు సుమారు 2,860 లీటర్ల నీరు కావలెనని ఆ నివేదికయే తెలుపుచున్నది. బావులు అడుగంటిన చోట చెరకు పెంచి తీసిన ఇంధనమును స్వచ్ఛమైనదనుట ఎట్లు? పానిపట్టులో 2022లో ప్రారంభమైన కర్మాగారము వరిగడ్డి నుండియే ఇథనాలు తీయుటకు ఏర్పడినది. అట్టి మార్గమునకు పెద్దపీట వేయవలెను. ప్రభుత్వ నివేదికలలో కలిపిన లీటర్ల పక్కనే లభించిన శక్తిని, ఖర్చయిన నీటిని చూపిననాడు ఈ విధానపు అసలు విలువ తేలును.