ఫ్లోరైడ్ పాటల్లో నీళ్లేవి?

నల్లగొండ ఫ్లోరైడ్ గోస మీద పాటలు, కవితలు, ఫొటోలు చాలానే వచ్చాయి. మన తండాల బాధను అవి లోకానికి చూపించాయి. ఆ మేలును మేం కాదనం. కానీ వాటిలో ఎక్కువగా కనిపించేవి వంగిన నడుములు, వంకరపోయిన కాళ్లు. అందుకు కారణమైన నీళ్ల గురించి చెప్పింది తక్కువ.

నీళ్లలో ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మరిగిస్తే పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే నాగపూర్ ‘నీరి’ సంస్థ పద్ధతికి మన జిల్లా పేరే ఉంది: నల్లగొండ టెక్నిక్. అందులో నీటిని బట్టి పటిక మోతాదు మార్చాలి, అడుగున చేరిన మడ్డి తీసేయాలి. ఆ పని చేసే మనిషి లేకపోతే ట్యాంకు ఉన్నా లేనట్టే.

వంగిన నడుమును చూస్తే జాలి పుడుతుంది. బోరు మీద రాసిన అంకెను చూస్తే ప్రశ్న పుడుతుంది. జాలి దగ్గరే ఆగిన రచన మనల్ని రోగులుగానే ఉంచుతుంది.

నల్లా రాని రోజు తండా పాత బోరు దగ్గరికే పోతుంది. దాన్ని ఆఖరుసారి ఎప్పుడు పరీక్షించారు? ఫలితం ఎక్కడ రాశారు? ఈ రెండు ప్రశ్నలు బడిపిల్లల చేత అడిగించే పాట ఇప్పుడు మనకు కావాలి.