‘మ్యాక్స్ ప్లస్ వన్’ పద్ధతి: ఒక విమర్శనాత్మక పరిశీలన

పట్టికలోని గరిష్ఠ సంఖ్యను చదివి, దానికి 1 కలిపి, కొత్త రికార్డుకు ఇవ్వడం విద్యార్థుల ప్రాజెక్టులలో తరచుగా కనిపించే పద్ధతి. మీరొక్కరే మీ కంప్యూటరుపై పరీక్షించినంత కాలం ఇందులో లోపం బయటపడదు. దీనిని నమ్మడానికి కారణం అదే, నమ్మకూడకపోవడానికి కారణమూ అదే.

ఉదాహరణకు, రెండు కౌంటర్లలో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి దరఖాస్తులు నమోదు చేస్తున్నారనుకోండి. ఇద్దరికీ గరిష్ఠ సంఖ్య 104గానే కనిపిస్తుంది. ఇద్దరూ 105 రాస్తారు. ప్రైమరీ కీ ఉంటే రెండవ నమోదు తిరస్కరణకు గురవుతుంది. లేకపోతే ఇద్దరు దరఖాస్తుదారులకు ఒకే సంఖ్య మిగులుతుంది. ఒకరు కట్టిన రుసుము మరొకరి పేరున చేరవచ్చు.

రెండు పనులనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉంచితే చాలునని కొందరు వాదిస్తారు. ‘రీడ్ కమిటెడ్’ స్థాయిలో ఈ వాదన నిలవదు. మొదటివారు కమిట్ చేసేవరకు వారి 105 రెండవవారికి కనిపించదు కదా! చదవడానికీ రాయడానికీ మధ్య ఉన్న వ్యవధిలోనే దోషం ఉంది.

పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లలోని సీక్వెన్స్, మైఎస్‌క్యూఎల్‌లోని ఆటో ఇంక్రిమెంట్ ఈ వ్యవధిని తొలగిస్తాయి. ఒకరికి ఇచ్చిన సంఖ్యను అవి అదే సమయంలో మరొకరికి ఇవ్వవు. అయితే వీటికీ పరిమితులున్నాయి. ట్రాన్సాక్షన్ రద్దయినా, తీసుకున్న సంఖ్య వెనక్కి రాదు. వరుసలో ఖాళీ ఏర్పడుతుంది. పైగా మైఎస్‌క్యూఎల్ 8.0కు ముందు ఇన్నోడీబీ తన లెక్కను మెమరీలోనే ఉంచుకునేది. సర్వరును ఆపి మళ్ళీ ప్రారంభిస్తే గరిష్ఠ సంఖ్యను చూసి లెక్క మొదలుపెట్టేది. అప్పటికే చివరి రికార్డును తొలగించి ఉంటే, దాని సంఖ్య మరొకరికి దక్కేది.

ఖాళీలు ఉంటే నష్టమేమిటని మీరు అడగవచ్చు. చాలా సందర్భాలలో ఏమీ లేదు. కాని 2017 నాటి జీఎస్టీ నియమాల ప్రకారం ఇన్‌వాయిస్‌లకు వరుస సంఖ్యలు ఉండాలి. అటువంటిచోట ప్రత్యేక పట్టికలో ఒక లెక్క ఉంచి, ఆ అడ్డువరుసకు లాక్ వేసి, ఇన్‌వాయిస్ నమోదయ్యే ట్రాన్సాక్షన్‌లోనే దానిని పెంచాలి. అప్పుడు నమోదు రద్దయితే పెంపు కూడా రద్దవుతుంది. అయితే మిగిలినవారు తమ వంతు వచ్చేవరకు ఆగవలసి ఉంటుంది.

కాబట్టి పద్ధతిని ఎంచుకునే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: సంఖ్య ఒక్కరికే చెందితే చాలునా, వరుస కూడా తప్పకూడదా? ఏ సమాధానం వచ్చినా పట్టికకు ప్రైమరీ కీ లేదా యూనిక్ నిబంధన పెట్టడం మాత్రం మరువకండి. ప్రోగ్రాములో పొరపాటు దొర్లినా, తప్పుడు రికార్డు లోపలికి చేరకుండా ఆపేది అదే.