ప్రళయాన్ని జల్లెడ పట్టినవాళ్ళు

మా ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో ఇల్లు కట్టిన ప్రతివాడికీ పాకుడ్ చిప్స్ తెలుసు. స్లాబుకి ఆ నల్లకంకరే కావాలని మేస్త్రీ పట్టుబడతాడు. రాజమహల్ కొండల్లో సుమారు 11 కోట్ల 80 లక్షల ఏళ్ళ కిందట పారి గడ్డకట్టిన లావా అది. దాన్ని పుట్టించిన వేడే హిందూ మహాసముద్రం అడుగున కెర్గులెన్ పీఠభూమిని కూడా కట్టిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం.

నేను చెప్పబోయేది మాత్రం ఇంకో నల్లరాయి సంగతి. ఖరగ్‌పూర్‌లో రైలెక్కిన మన తెలుగువాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు ముందే దిగిపోతారు. అంతకన్నా దూరం వెళ్ళేవాళ్ళు రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన మీద నీళ్ళలోకి నాణెం విసిరి దణ్ణం పెట్టుకుంటారు. వంతెనకు ఈవల కాతేరు. ఆవల కొవ్వూరు దాటితే పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు. అక్కడి క్వారీల్లో కొట్టే రాయి దక్కన్ లావా. పడమటి కనుమల వైపు పుట్టి, పాత నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి, ఇక్కడ సముద్రంలో దిగింది. భూమి మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే.

6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట డైనోసార్లతో పాటు సముద్రజీవులు కూడా కుప్పలుగా అంతరించాయి. ఆ ప్రళయం లెక్క తేల్చడానికి ఈ క్వారీలే ఎందుకు? మహారాష్ట్రలో లావా కొండలకు కొండలే ఉంది గానీ, అది నేలమీద పారింది. ఏ పొర ఏ కాలానిదో చెప్పే సముద్రజీవులు అక్కడ దొరకడం కష్టం. వేరే దేశాల్లో సముద్రపు పొరలు చక్కగా ఉన్నాయి, వాటి మధ్య లావా లేదు. రాజమండ్రి దగ్గర రెండూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. అడుగున ట్యురిటెల్లా గుల్లలున్న సున్నపురాయి, దాని మీద లావా, ఆపైన కొద్ది మీటర్ల మెత్తటి పొర, మళ్ళీ లావా. సాక్ష్యమంతా ఆ మధ్య పొరలో ఉంది. అందులో ఫొరామినిఫెరా అనే ఏకకణజీవుల గుల్లలున్నాయని 1930లలోనే ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు చూపించారు.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ఆ పొరనే మళ్ళీ పట్టుకుంది. రాయిని నానబెట్టి, మెత్తబడ్డాక జల్లెడ మీద నీళ్ళతో కడుగుతారు. జల్లెడ కన్ను 63 మైక్రాన్లు, అంటే ఇంచుమించు తలవెంట్రుక మందం. ఈ పని మీద నాకు గౌరవం కలిగింది సరిగ్గా ఇక్కడే. ప్రళయానికి ముందున్న జాతుల్లో చాలావాటి గుల్లలు కాస్త పెద్దవి. 150 మైక్రాన్ల జల్లెడలోనూ నిలుస్తాయి. ప్రళయం తరవాత పుట్టిన మొదటి జాతులు మరీ చిన్నవి. ముతక జల్లెడ వాడితే అవన్నీ నీళ్ళతో పాటే జారిపోతాయి, పొర ఖాళీ అని రాసేసుకుంటాం. సన్న జల్లెడలో మిగిలిన పొడిని ఆరబెట్టి, పళ్ళెంలో పల్చగా పరిచి, మైక్రోస్కోప్ కింద తడి కుంచె మొనతో ఒక్కొక్క గుల్లనూ ఎత్తాలి. మా అమ్మ చేటలో బియ్యం ఏరేటప్పుడు ఊపిరి కూడా నెమ్మదిగా తీసేది. ఇక్కడ ఏరేది రవ్వ పలుకులో పదోవంతు కూడా ఉండదు. ఎత్తాక గదులెన్ని, అవి ఎటు తిరిగాయి, నోరు ఎక్కడుంది అని చూసి జాతి పోల్చాలి.

అలా ఏరగా మధ్య పొరలో బయటపడింది పార్వులారుగోగ్లోబిజెరీనా యూగుబినా. ప్రళయం ముగిసిన వెంటనే పుట్టిన జాతి అది. అంటే కింది లావా ప్రళయానికి దగ్గరలోనే పారడం ఆగిందన్నమాట. 2008లో ఈ సంగతి అచ్చయింది.

లావా పారుతుండగా ఏం జరిగిందో క్వారీ చెప్పలేదు. దానికి కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్విన బావులు కావలసివచ్చాయి. అక్కడ కింది లావాలోనే నాలుగు మహాప్రవాహాలు, వాటి నడుమ సముద్రపు మట్టి పొరలు ఉన్నాయి. ఎ.ఎన్. రెడ్డి, బి.సి. జైప్రకాశ్ తదితరులతో కలిసి కెల్లర్ 2011లో ఆ లెక్క ప్రచురించారు. మొదటి ప్రవాహానికి ముందే ఫొరామినిఫెరా జాతులు సగానికి పడిపోయాయి. ఆ ప్రవాహం తరవాత మిగిలినవి ఏడెనిమిది. ప్రవాహానికీ ప్రవాహానికీ మధ్య అవి కోలుకోలేదు; నాలుగోదానితో వినాశం పూర్తయింది. లావా వెంట వెలువడ్డ గంధక, బొగ్గుపులుసు వాయువులు ఆమ్లవర్షాలు తెచ్చి, సముద్రపు నీటినే ఆమ్లంగా మార్చాయని వాళ్ళ వాదన.

మెక్సికోలో చిక్సులుబ్ దగ్గర పడిన గ్రహశకలమే కారణమనేవాళ్ళు ఇంకా ఎక్కువ. కారణం ఏదైనా, ఆ గుల్లల లెక్కను పక్కనపెట్టి ఎవరూ మాట్లాడలేరని నా నమ్మకం.

పంగిడి చుట్టుపక్కల కంకర కోసం కొండలు తరిగిపోతున్నాయి. పాకుడ్ రాయి మా ఇళ్ళలో చేరినట్టే ఆ రాయీ ఇళ్ళలో చేరుతుంది, దాన్ని తప్పనను. రెండు లావాల నడుమ ఆ మెత్తటి పొర కనబడే గోడ ఒక్కటైనా కొట్టకుండా వదిలేయమని క్వారీల వాళ్ళనీ, ప్రభుత్వాన్నీ వేడుకుంటున్నాను.