నీళ్లను బట్టి మజిలీ

పెందుర్తి వాళ్లకు కాలినడక మొక్కు కొత్త కాదు. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార మీదుగా 32 కిలోమీటర్లు గిరి ప్రదక్షిణ చేసి వచ్చినవాళ్లు ఏ వీధిలోనైనా కనిపిస్తారు. అయితే అది ఒక్క రాత్రిలో ముగిసే నడక. పైగా ఊళ్ల మధ్య నడక, అడుగడుగునా మజ్జిగ, పులిహోర. అదే ధీమాతో శివరాత్రికి నల్లమల దారిన శ్రీశైలం బయల్దేరితే కష్టం.

ఆ దారి అసలు కర్ణాటకలో మొదలవుతుంది. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించే కన్నడ భక్తులు ఉగాదికి తమ ఊళ్ల నుంచే రోజుల తరబడి నడిచి వస్తారు. చివరి అడవి భాగం ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి శ్రీశైలం చేరువలోని కైలాసద్వారం దాకా సుమారు 40 కిలోమీటర్లు. మనలాంటి వాళ్లకు చాలినంత నడక అది. అమెరికాలో 3,500 కిలోమీటర్ల అప్పలాచియన్ ట్రయిల్‌ను ఏడాదికో ముక్కగా నడిచేవాళ్లను సెక్షన్ హైకర్లంటారట. ఇక్కడ దారంతా నడిచావా, ముక్కే నడిచావా అని ఎవరూ అడగరు. బాగల్‌కోట నుంచి నడిచొచ్చినవాడూ, వెంకటాపురంలో ఆటో దిగినవాడూ అన్నదానం పందిట్లో ఒకే బంతిలో కూర్చుంటారు.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆత్మకూరు మీదుగానే శ్రీశైలం వెళ్లాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర చదివితే ప్రయాణపు లెక్క ఎలా వేయాలో తెలుస్తుంది. ఎన్ని ఆమడలు అన్నదొక్కటే కాదు, దిగినచోట నీళ్లున్నాయా, వంటకు సరుకు దొరుకుతుందా అన్నది కూడా రాసుకుంటూ పోయాడు. పల్లకీలో, పెద్ద పరివారంతో వెళ్లిన మనిషికే అంత పట్టింపు ఉంటే, సంచీ భుజాన వేసుకుని నడిచే మనకు ఎంత ఉండాలి?

మొదటి మజిలీ నాగలూటి, వీరభద్రుడి గుడి. అక్కడి నుంచి ఎక్కుడు. తర్వాత దామెర్లకుంట మీదుగా పెచ్చెర్వు. రాత్రి పడకకు ఇదే సరైన చోటు, ఎందుకంటే మర్నాడు భీముని కొలను లోయ ఉంది. ఈ నడక పథకమంతా ఆ ఒక్క లోయ చుట్టూ అల్లుకోవాలని నా అభిప్రాయం. మెట్ల మీదుగా లోతైన లోయలోకి దిగి, అటువైపు నిటారు మెట్లెక్కితే కైలాసద్వారం. ఎక్కుడు ఊపిరి తీస్తుంది, దిగుడు మోకాళ్లు తీస్తుంది. మధ్యాహ్నం ఎండకు రాయి కాలుతుంటే ఆ ఎక్కుడు ఎక్కడం మొండితనమే తప్ప భక్తి కాదు. అందుకే ముందుగా అక్కడికి ఏ వేళకు చేరాలో తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి: పెచ్చెర్వులో ఎప్పుడు లేవాలి, ముందురోజు నాగలూటి ఎప్పుడు దాటాలి, వెంకటాపురం ఏ పూట చేరాలి.

సాధనకు మనకు కొండ పక్కనే ఉంది. సింహాచలం మెట్లు వెయ్యికి పైనే. వారానికి రెండుసార్లు ఎక్కండి, దిగేటప్పుడు మాత్రం బస్సెక్కకండి. మోకాలికి అసలు పరీక్ష దిగుడే. చెప్పులు పాతవే వేసుకోవాలి, కొత్త బూట్లు నాగలూటి చేరేలోపే బొబ్బలు లేపుతాయి. సంచిలో దుప్పటి, టార్చిలైటు, అటుకులు, వేయించిన పల్లీలు, బెల్లం, ఓఆర్‌ఎస్ పొట్లాలు, స్టీలు సీసాలో నీళ్లు. దారిలో దేవస్థానం, దాతలు నీళ్లూ భోజనమూ పెడతారు. అయినా ఒక పూటకు సరిపడా మన దగ్గర ఉండాల్సిందే.

ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పెద్దపులుల అభయారణ్యం. శివరాత్రికి, ఉగాదికి కొద్దిరోజులే అటవీశాఖ ఈ దారిన రానిస్తుంది, ఆ తేదీలు ఏటా ప్రకటిస్తుంది. అవి తెలిశాకే రైలు టికెట్ మాట ఎత్తండి. ఎండుగడ్డి కాలం కాబట్టి పొయ్యి పెట్టకూడదు, ప్లాస్టిక్ వదలకూడదు, గుంపు వదిలి పక్కదారి పట్టకూడదు.

విశాఖ నుంచి రైల్లో నంద్యాల, అక్కడి నుంచి బస్సులో ఆత్మకూరు. తిరుగు ప్రయాణం దోర్నాల మీదుగా మార్కాపురం రోడ్ స్టేషన్‌కు. శివరాత్రి రద్దీలో క్యూ ఎంతసేపు పడుతుందో, ఘాట్‌లో బస్సు ఎక్కడ ఆగిపోతుందో చెప్పలేం. అందుకే తిరుగు టికెట్ దర్శనం రోజుకు కాకుండా మర్నాటి రాత్రికి కొనుక్కోవడం మేలు.